బంతి వచ్చేలోపు

గంటకు 253 కిలోమీటర్లు. 2016లో ఆస్ట్రేలియాతో జరిగిన డేవిస్ కప్ పోటీలో అమెరికా ఆటగాడు జాన్ ఇస్నర్ కొట్టిన ఒక సర్వ్ వేగం అది. 2012లో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ఆస్ట్రేలియా ఆటగాడు శామ్ గ్రోత్ 263 దాటించాడు గానీ, దాన్ని అధికారిక రికార్డుగా లెక్కలోకి తీసుకోలేదు. ఇలాంటి అంకె తెర మీద కనబడగానే చూసేవాళ్లకు ఒకటే అనిపిస్తుంది: దీన్ని తిరిగి కొట్టేవాడి నరాలే వేరు, మనవల్ల అయ్యే పని కాదు. అలా అనుకుని రాకెట్ పక్కన పెట్టేసినవాళ్లున్నారు. ఇంటర్వ్యూ గదిలో, కస్టమర్ కౌంటర్ దగ్గర, ఆసుపత్రి క్యాజువాల్టీలో ‘అంత వేగంగా నాకు తోచదు’ అని ముందే చేతులెత్తేసేవాళ్లు అంతకన్నా ఎక్కువమంది ఉన్నారు. వాళ్లది తప్పు అంచనా. మీదికి దూసుకొచ్చేదాన్ని ఎదుర్కోవడానికి మెరుపులాంటి ఒళ్లు కన్నా, అది బయలుదేరక ముందే పనిచెయ్యడం మొదలుపెట్టే చూపు ముఖ్యం. ఆ చూపు నేర్చుకుంటే వస్తుంది. ఇందుకు సాక్ష్యం కోసం దూరం వెళ్లనక్కర్లేదు, టెన్నిస్ బంతి నడకను శ్రద్ధగా గమనిస్తే చాలు.

ముందు ఆ అంకె సంగతి చూద్దాం. రాడార్ కొలిచేది బంతి రాకెట్‌ను విడిచిన వెంటనే దానికున్న వేగాన్ని. ఆ తర్వాత దాని వేగం తగ్గుతూ పోవడమే తప్ప పెరగడం ఉండదు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నియమాల ప్రకారం బంతి బరువు 56 నుంచి 59.4 గ్రాముల మధ్య, వ్యాసం 6.54 నుంచి 6.86 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. ఒంటి సైజుకు తగిన బరువు లేని వస్తువు అది. పైగా ఒళ్లంతా ఉన్ని, నైలాన్ కలిసిన నూగు. 200 కిలోమీటర్ల వేగంతో బయలుదేరిన బంతిని గాలి వెనక్కి లాగే బలం, ఆ బంతి బరువుకు సుమారు ఆరు రెట్లు ఉంటుంది. మన ఊళ్లలో ఈ బంతి టెన్నిస్ కన్నా గల్లీ క్రికెట్ వల్లే ఎక్కువమందికి తెలుసు. దాని మీద ఎలక్ట్రికల్ టేపు చుట్టి బౌలింగ్ చేసే కుర్రాళ్లకు ఈ భౌతికశాస్త్రం ఎవరూ పాఠంగా చెప్పలేదు. అయినా నూగు కప్పేస్తే బంతి వేగంగా పోతుందనీ, ఒక పక్కే కప్పితే గాలిలో వంకర తిరుగుతుందనీ వాళ్లకు తెలుసు. పెద్ద టోర్నమెంట్లలో మొదట ఏడు గేములకు, ఆపైన ప్రతి తొమ్మిది గేములకు బంతులు మార్చేది కూడా ఈ నూగు మారిపోతుందనే. సర్వ్ చేసే ముందు ఆటగాడు మూడు నాలుగు బంతులు తీసుకుని, తిప్పి చూసి, ఒకటి రెండు వెనక్కి విసిరెయ్యడం మీరు చూసే ఉంటారు. నూగు అణిగి ఉన్న బంతి కోసం వెతుకులాట అది.

గాలి తర్వాత నేల. 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి కాంక్రీటు మీదికి వదిలిన బంతి 135 నుంచి 147 సెంటీమీటర్ల మధ్యకే లేవాలన్నది నియమం. అంటే అలా పడి లేవడంలోనే 42 నుంచి 47 శాతం శక్తి పోతుంది. ఏటవాలుగా వచ్చిన బంతికైతే నేల రాపిడి ముందుకు పోయే వేగాన్ని కూడా కోసేస్తుంది. ఎంత కోస్తుందన్నది కోర్టును బట్టి ఉంటుంది. క్లే కోర్టు మీద బంతి బాగా నెమ్మదించి పైకి లేస్తుంది, పచ్చిక మీద తక్కువ ఎత్తులో జారిపోతుంది, హార్డ్ కోర్టులు ఈ రెంటికీ నడుమ రకరకాలుగా ఉంటాయి. అంతర్జాతీయ సమాఖ్య కోర్టుల వేగాన్ని అయిదు తరగతులుగా విభజించింది. ఇప్పుడు లెక్క వేద్దాం. కోర్టు చివరి గీత అయిన బేస్‌లైన్ నుంచి, సర్వ్ పడాల్సిన హద్దు అయిన అవతలి సర్వీస్ లైన్‌కు 18.28 మీటర్లు. 200 కిలోమీటర్లతో బయలుదేరిన సర్వ్ అంత దూరం గాలిలో వచ్చేసరికి 140 దగ్గరికి దిగుతుంది. హార్డ్ కోర్టు మీద పడి లేచాక ఇంచుమించు 100. బేస్‌లైన్ దగ్గర నిలబడ్డ ఆటగాడి రాకెట్‌ను తాకేసరికి మొదటి వేగంలో సగానికి అటూ ఇటూ మిగులుతుంది. వేగం తగ్గకుండా బేస్‌లైన్ నుంచి బేస్‌లైన్‌కు ఉన్న సుమారు 24 మీటర్లూ వచ్చి ఉంటే 0.43 సెకను పట్టేది, నిజానికి పట్టేది 0.6 సెకను పైచిలుకు. గాలీ నేలా కలిసి మనకు ఇచ్చింది సెకనులో అయిదో వంతు. కంటికి ఏదైనా కనబడ్డాక ఒళ్లు కదలడం మొదలవడానికి మనిషికి పట్టే సమయం కూడా దాదాపు అంతే. తెర మీది అంకెను చూసి బెదిరినవాడు ఈ అయిదో వంతును లెక్కలోకి తీసుకోలేదు.

అయినా 0.6 సెకను ఎక్కువేం కాదు. అందులో అయిదో వంతు సెకను ఒంటి స్పందనకే పోతుంది. మిగిలిన 0.4లో అడుగు వెయ్యాలి, భుజం తిప్పాలి, రాకెట్ వెనక్కి తీసి ముందుకు తేవాలి, తీగలకు బంతి తగిలి ఉండే నాలుగైదు మిల్లీసెకన్లలో దాన్ని అనుకున్న దిక్కుకు పంపాలి. బంతిని ఆసాంతం చూసి, అది ఎక్కడ పడిందో తేల్చుకుని, అప్పుడు నిర్ణయించుకుంటానంటే ఏ ఛాంపియన్‌కూ కుదరదు. క్రికెట్ బ్యాట్స్‌మెన్ కళ్ల కదలికలను కొలిచి మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్‌లియాడ్ 2000లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతిని బాగా చూపించింది. బ్యాట్స్‌మన్ బంతిని దారి పొడుగునా వెంబడించడు. చెయ్యి విడిచినప్పుడు చూస్తాడు, వెంటనే చూపును అది పడబోయే చోటికి దూకించి అక్కడ కాచుకుంటాడు. ఎంత మంచి బ్యాట్స్‌మన్ అయితే చూపు అలా దూకడం అంత ముందుగా జరుగుతుంది. బంతి మీంచి కన్ను తియ్యొద్దని కోచ్‌లు చెప్పేది మంచి ఉద్దేశంతోనే, కానీ గొప్ప ఆటగాళ్ల కళ్లు చేసే పని వేరు.

ఇక్కడే మొదటి అభ్యంతరం వస్తుంది. ముందుగా చూడగలగడం కూడా పుట్టుకతో వచ్చిన చురుకుదనమే కదా, అది కొందరికే ఉంటుంది కదా అని. ఇదే నిజమైతే ఒక ఆటలో మెరుపులా స్పందించేవాడు పక్క ఆటలోనూ అలాగే స్పందించాలి. కానీ 2004లో అమెరికాలో సాఫ్ట్‌బాల్ క్రీడాకారిణి జెన్నీ ఫించ్ విసిరిన బంతులకు ఆల్బర్ట్ పుహోల్స్, మైక్ పియాజా లాంటి పేరుమోసిన బేస్‌బాల్ బ్యాటర్లు అవుటయిపోయారు. సాఫ్ట్‌బాల్ బేస్‌బాల్ కన్నా పెద్దది, నెమ్మదిగా వచ్చేది. బంతి విసిరే పిచర్ నిలబడేది 18.4 మీటర్లకు బదులు సుమారు 13 మీటర్ల దూరంలో కాబట్టి, బంతి చేరే వ్యవధి రెండు ఆటల్లోనూ దగ్గరదగ్గరగానే ఉంటుంది. ఆ బ్యాటర్ల నరాలు ఆ ఒక్క రోజు మొద్దుబారలేదు. చెయ్యి పై నుంచి విసిరేవాళ్ల భుజాన్ని, మోచేతిని, మణికట్టును వేలసార్లు చూసి వాళ్లు పోగుచేసుకున్న ఎరుక, కింద నుంచి చెయ్యి తిప్పి విసిరే మనిషి ముందు అక్కరకు రాలేదు. టెన్నిస్‌లోనూ అంతే. సర్వ్ వీడియోను బంతికి రాకెట్ తగిలే క్షణానికే ఆపేసి ఎటు పోతుందో చెప్పమంటే, ఆరితేరినవాళ్లు గుడ్డిగా చెప్పేవాళ్ల కన్నా ఎక్కువసార్లు సరిగ్గా చెప్పగలరు, కొత్తవాళ్లు చెప్పలేరు. ఆరితేరినవాళ్లకు అదనంగా ఉన్నది చూడాల్సిన చోటేదో తెలియడం.

ఈ విషయంలో టెన్నిస్ ఆటగాడు ఆండ్రీ అగస్సీ బహిరంగంగా చెప్పిన ఉదాహరణను మించింది లేదు. అతని ప్రత్యర్థి బోరిస్ బెకర్ సర్వ్‌కు ముందు నాలుక బయటపెట్టేవాడు. అది ఎటు వాలిందో చూసి సర్వ్ ఎటు పోతుందో అగస్సీ కనిపెట్టేవాడు. బెకర్ ఆటల వీడియోలు మళ్లీ మళ్లీ చూడడంవల్ల దొరికిన ఎరుక అది. తొలి మూడు మ్యాచ్‌లూ ఓడిపోయిన అగస్సీ, ఇద్దరి మధ్య జరిగిన 14 మ్యాచ్‌లలో చివరికి 10 గెలిచాడు. ఆ గెలుపులన్నిటికీ నాలుకే కారణమనడం అతిశయోక్తి. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది అతను చెప్పిన రెండో మాట: గుట్టు తెలిసిన సంగతి బెకర్ పసిగట్టకుండా, ప్రతి సర్వ్‌కూ దాన్ని వాడకుండా, కీలకమైన పాయింట్లకే దాచిపెట్టుకోవడం తనకు కష్టమైందట.

బంతి వేగం గురించి మరొక సంగతి ఉంది. సామాన్యంగా ఎవరూ చెప్పరు గానీ, భయం తగ్గించడానికి ఇంతకన్నా మంచి మందు లేదు. వేగం పెరిగేకొద్దీ సర్వ్ చేసేవాడి చేతిలో ఉన్న దారులు తగ్గిపోతాయి. నెట్ మధ్యలో ఎత్తు 91.4 సెంటీమీటర్లు, నెట్ నుంచి సర్వీస్ లైన్‌కు 6.4 మీటర్లు. బేస్‌లైన్ మీది నుంచి సరళరేఖలో పోయే బంతి నెట్ దాటి సర్వీస్ బాక్స్‌లో పడాలంటే దాన్ని కనీసం 2.61 మీటర్ల ఎత్తులో కొట్టాలి. అంత ఎత్తు అందుకోగలిగినా, నెట్ పైఅంచుకూ సర్వీస్ లైన్‌కూ మధ్య దొరికే సందు చాలా సన్నం. బంతిని కిందికి దించే భూమ్యాకర్షణకు, వేగం పెరిగితే పనిచెయ్యడానికి సమయం చాలదు. అందుకే బలంకొద్దీ కొట్టిన మొదటి సర్వ్‌లు అన్నేసి నెట్‌కు తగులుతాయి, లేదా గీత దాటతాయి. మహా వేగంగా వచ్చే బంతి ఏ దారిన రావాలో చాలావరకు ముందే ఖరారై ఉంటుంది. దాన్ని ఎదుర్కొనేవాడు కోర్టంతా కాచుకోనక్కర్లేదు, రెండు మూడు చోట్లు కాచుకుంటే చాలు.

దీనికి మరో కోణం స్పిన్, అంటే బంతి తిరుగుడు. మొదటిది తప్పితే కొట్టే రెండో సర్వ్ గంటకు 150, 160 కిలోమీటర్లకు తగ్గినా, తిరుగుడు పెరిగితే ఎదుర్కోవడం కొన్నిసార్లు మొదటిదానికన్నా కష్టం. తిరిగే బంతి గాలిలో వంగుతుందన్నది పాత పరిశీలనే. ఏటవాలు రాకెట్‌తో కొట్టిన టెన్నిస్ బంతి వంకరగా పోవడం తాను చూశానని న్యూటన్ 1672లోనే రాశాడు. 1877లో లార్డ్ రేలీ అదే విషయం మీద ఒక పరిశోధన వ్యాసం ప్రచురించాడు. ముందుకు దొర్లుతున్నట్టు తిరిగే, అంటే టాప్‌స్పిన్ ఉన్న బంతిని గాలి కిందికి నొక్కుతుంది. అందువల్ల దాన్ని నెట్‌కు బాగా పైనుంచి గట్టిగా కొట్టినా కోర్టులోనే దిగుతుంది, దిగాక భుజం ఎత్తుకు ఎగురుతుంది. రఫేల్ నాదల్ ఫోర్‌హ్యాండ్‌తో కొట్టిన బంతి సగటున నిమిషానికి 3,200 చుట్లు తిరిగేదని హై స్పీడ్ కెమెరాలతో కొలిచారు. క్లే కోర్టు మీద అతన్ని ఎదుర్కొన్నవాళ్లను కుంగదీసింది వేగం కన్నా ఆ ఎగురుడు. మనల్ని ఓడించేది చాలాసార్లు ఊహించని నడకే. నెమ్మదిగా వచ్చిన ప్రశ్నకు తడబడి, గబగబా వచ్చిన ప్రశ్నకు సరిగ్గా జవాబిచ్చినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ముందే ఊహించి ఒక పక్కకు ఒరిగితే, ఎదుటివాడు రెండో పక్కకు కొట్టడా? పీట్ సాంప్రాస్ ఏ దిక్కుకు సర్వ్ చేసినా టాస్, అంటే సర్వ్‌కు ముందు బంతిని పైకి ఎగరెయ్యడం, ఒకేలా వేసేవాడు, అలాంటివాడి ముందు ఆనవాళ్లు ఏం దొరుకుతాయి? నిజమే, దొరకని రోజులుంటాయి. కానీ చదవడం వేరు, పందెం కాయడం వేరు. పందెం కాసేవాడు ముందే ఒక పక్కకు వెళ్లిపోతాడు. చదివేవాడు అవకాశాలను తగ్గించుకుంటాడు గానీ కాళ్లను కట్టేసుకోడు. టెన్నిస్‌లో స్ప్లిట్ స్టెప్ అనే చిన్న గెంతు ఉన్నది ఇందుకే. ఎదుటివాడి రాకెట్ బంతిని తాకిన వెంటనే ఈ గెంతు నుంచి నేల మీద దిగితే, వంగిన మోకాళ్లతో ఎటైనా కదలడానికి ఒళ్లు సిద్ధంగా ఉంటుంది. చూపు ఒక అంచనాకు వచ్చి ఉంటుంది, కాళ్లు మాత్రం రెండు పక్కలకూ తెరిచి ఉంటాయి. డబుల్స్‌లో ఇది మరీ అవసరం. నలుగురూ నెట్ దగ్గరకు చేరి ఆరేడు మీటర్ల దూరంలో, బంతి నేల తగలకుండానే వాలీలు కొట్టుకునేటప్పుడు పావు సెకనుకు మించి దొరకదు, అది స్పందనకే సరిపోయేంత సమయం. ఆ ఆటలోనే హైదరాబాద్ సానియా మీర్జా 2015లో ప్రపంచ నంబర్ వన్ అయింది. అంతటి స్థాయిలో వాలీని కాపాడేది, ఎదుటి జంట నిలబడ్డ తీరునూ రాకెట్ ముఖాన్నీ బట్టి ముందే సిద్ధమైన చెయ్యి.

ఇక మీరు చెయ్యగలిగే పనులు. టెన్నిస్ నేర్చుకుంటుంటే, మీ వంతు రాని సమయాన్ని ఫోన్‌లో పోగొట్టుకోకుండా సర్వ్ చేసేవాళ్లకు ఎదురుగా, వలకు అవతల కూర్చోండి. టాస్ ఎక్కడికి లేచింది, భుజం ఎంత తిరిగింది చూసి, బంతి కోర్టు మధ్య గీత వైపు పోతుందో పక్క గీత వైపు పోతుందో రాకెట్ తగిలేలోపే ‘లోపలికి’, ‘బయటికి’ అని పైకి చెప్పండి. తప్పితే వెంటనే తెలుస్తుంది. బంతులు విసిరే యంత్రం స్ట్రోక్‌కు మంచిదే గానీ, దానికి భుజం లేదు, టాస్ లేదు. దాని ముందు ఎన్ని గంటలు గడిపినా ఈ విద్య రాదు. సమయం చాలదనిపిస్తే రెండు మార్గాలున్నాయి. ఒకటి నాదల్, మెద్వెదేవ్ లాంటి ఆటగాళ్ల దారి: బేస్‌లైన్‌కు బాగా వెనక్కి వెళ్లడం. అప్పటికే బంతి నెమ్మదించి ఉంటుంది కాబట్టి మూడు మీటర్లు వెనక్కి జరిగితే సెకనులో పదో వంతు కలిసొస్తుంది, అయితే పక్కకు పరిగెత్తాల్సిన దూరం పెరుగుతుంది. రెండోది అగస్సీ దారి: ముందుకే ఉండి, రాకెట్‌ను వెనక్కి కొంచెమే తీసి, వచ్చిన వేగాన్నే తిప్పి పంపడం. మొదలుపెట్టేవాళ్లకు రాకెట్ ఊపు తగ్గించుకోవడమే మేలని నా అభిప్రాయం, దానికి ఖర్చు లేదు. బంతి కొత్తదో పాతదో, ఎండ ఎంత ఉందో కూడా పట్టించుకోండి. నియమాల ప్రకారం బంతిని పరీక్షించేది 20 డిగ్రీల దగ్గర. మే నెల విజయవాడ మధ్యాహ్నంలో లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది, రబ్బరు చురుగ్గా ఎగురుతుంది, బయటి గాలి పలచబడుతుంది. పొద్దున్న ఆడిన బంతే అయినా మధ్యాహ్నం త్వరగా వస్తుంది, ఎత్తుకు లేస్తుంది.

టెన్నిస్‌తో పనిలేని పాఠకులు అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలింది. కోర్టుకు గీతలున్నాయి, నియమాలున్నాయి, జీవితానికి అవి లేవు కదా, ఈ చూపు బయట పనిచేస్తుందా? అన్నిచోట్లా పనిచెయ్యదు, ఆ తేడా తెలుసుకోవడం మంచిది. డేనియల్ కానేమన్, గ్యారీ క్లైన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అనుభవజ్ఞుల అంచనాను నమ్మవచ్చా లేదా అన్న విషయం మీద ఎదురెదురు పక్షాల నుంచి బయలుదేరి, 2009లో కలిసి రాసిన వ్యాసంలో ఒక అంగీకారానికి వచ్చారు. చుట్టూ జరిగేదానిలో ఒక క్రమం ఉండాలి, మన అంచనా తప్పో ఒప్పో త్వరగా తెలియాలి. ఈ రెండూ ఉన్నచోట అనుభవం నిజమైన చూపుగా మారుతుంది. అగ్నిమాపక దళం అధికారులకు, ఇంటెన్సివ్ కేర్ నర్సులకు అది సాధ్యం. షేర్ల ధరలు ఎటుపోతాయో చెబుతాననేవాళ్లకు సాధ్యం కాదు, ఎందుకంటే అక్కడ నమ్మదగిన ఆనవాళ్లు లేవు. కాబట్టి మీ పనిలో ఏది సర్వ్ లాంటిదో చూడండి. ఇంటర్వ్యూ బోర్డు అడిగే ప్రశ్నలకు క్రమం ఉంటుంది. ఫోన్‌లో కోపంగా మాట్లాడే కస్టమర్ మొదటి రెండు వాక్యాల్లోనే అసలు సమస్య బయటపడుతుంది. రోగి గదిలోకి నడిచి వచ్చిన తీరే సీనియర్ నర్సుకు సగం సంగతి చెబుతుంది. వీటికోసం ముందే చూసి, ముందే అంచనా కట్టి, ప్రతిసారీ తప్పొప్పులు సరిచూసుకునేవాళ్లకు కొన్నాళ్లకు సమయం చాలడం మొదలవుతుంది.

పిల్లల్ని టెన్నిస్ కోచింగ్‌కు పంపే తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. 2012 జనవరి నుంచి అంతర్జాతీయ సమాఖ్య పదేళ్లలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతిని వాడనివ్వడం లేదు. ఎర్ర బంతి పసుపుదానికన్నా 75 శాతం నెమ్మది, నారింజ 50 శాతం, ఆకుపచ్చ 25 శాతం. బంతి నెమ్మదిగా వస్తే పిల్లవాడికి ఎదుటి మనిషిని చూసే వ్యవధి దొరుకుతుంది, భుజానికీ బంతికీ ఉన్న సంబంధం అర్థమవుతుంది. ఆ అర్థమైనదే రేపు 200 కిలోమీటర్ల సర్వ్ ముందు వాడిని నిలబెడుతుంది. పక్కింటి పిల్ల పసుపు బంతితో ఆడుతోందని తొందరపడి మీవాడి చేతిలోనూ అదే పెట్టమని కోచ్‌ను ఒత్తిడి చెయ్యకండి. ఎర్ర బంతితో గడిపే ఏడాదిని వాడికి పూర్తిగా ఇవ్వండి.